అన్నయ్య వంతు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఉండే వీలే లేదు. రేడియో నాటకాల్లో తలుపు కిర్రుమన్నా, ఎండుటాకుల మీద ఎవరో నడిచినా అవి స్టూడియోలో కూర్చుని నేను చేసిన చప్పుళ్లే. అలాంటివాణ్ణి ఇది రాయాల్సి రావడం సిగ్గుగానే ఉంది.

మా స్టేషన్లో 'నవ్వుల పీట' అనే కార్యక్రమం ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. ఆదివారం మధ్యాహ్నం, సరిగ్గా భోజనాల వేళ. నిర్వాహకుడు ఒక ప్రశ్న వేస్తాడు. నలుగురు వరసగా జవాబు చెప్పాలి, నవ్వించాలి, గంట కొట్టేలోగా ముగించాలి. ఆరు వారాలకని మొదలుపెట్టారు. ఉత్తరాలు గోతాల్లో వచ్చిపడేసరికి ఆపలేకపోయారు. ప్లీడర్లు, డాక్టర్లు, ఒక హోటలు యజమాని, ఎంతమందో మారారు. నాలుగో వంతు మాత్రం చివరిదాకా మా అన్నయ్యదే. ఆయన రేపల్లెలో లెక్కల మాస్టారు. క్లాసులో పిల్లలు ఆయన్ని చూస్తే వణికేవాళ్లు.

మాకు టేపులకు ఎప్పుడూ కరువే. ప్రసారం అయిపోగానే చెరిపి మళ్లీ వాడేవాళ్లం. ఆ పని నాది. అయస్కాంతం ఉన్న పెట్టె మీద టేపు పెట్టి తిప్పితే గొంతులన్నీ పోతాయి.

చివరి కార్యక్రమం రికార్డయిన రోజూ, ప్రసారమైన రోజూ నేనూ వదినా కొలకలూరులో పెళ్లి పనుల్లో ఉన్నాం. ఇద్దరం వినలేదు. తిరిగి రాగానే అన్నయ్య, "ఇదొక్కటీ ఉంచరా. మీ వదిన వినలేదు," అన్నాడు. సరేనన్నాను. ఆ వారం హడావుడిలో మిగతావాటితో పాటు దాన్నీ చెరిపేశాను.

నెల తిరక్కుండా అన్నయ్య గుండెపోటుతో పోయాడు. వదిన అడిగితే, టేపు ఆఫీసులో భద్రంగా ఉందని చెప్పాను. అప్పట్నుంచీ అదే అబద్ధం.

రిటైరయ్యాక 'నవ్వుల పీట' చరిత్ర రాస్తానని చెప్పి, జనం ఇళ్లల్లో రికార్డు చేసుకున్న క్యాసెట్ల కోసం తిరిగాను. అసలు దేనికోసం తిరుగుతున్నానో నాకు తెలుసు.

మొదటి క్యాసెట్ బాపట్లలో ఒక పోస్టుమాస్టరు గారింట్లో దొరికింది. ఏదో పాత వారానిది. ముగ్గురి గొంతులు స్పష్టంగా ఉన్నాయి. అన్నయ్య వంతు వచ్చేసరికి మాట లేదు. స్టూడియో ఫ్యాను చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తర్వాత అందరూ విరగబడి నవ్వారు. టేపు పాడైందనుకున్నాను. పక్కన పోస్టుమాస్టరు గారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఏం చెయ్యాలో తోచక నేనూ నవ్వాను.

చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. ఏ లోపమూ లేదన్నాడు.

తెనాలిలో టైలర్ ఖాదర్ గారి దగ్గర ఆ చివరి కార్యక్రమమే దొరికింది. ఆయన కుట్టుమిషను ఆపి మరీ వేశారు. మళ్లీ అంతే. మూడు గొంతులు, ఫ్యాను, నవ్వులు.

"మీ గురించే కదండీ సార్! ఎంత బాగా అన్నారండీ!" అన్నారాయన.

ఏమన్నాడో అడగాలనిపించింది. పక్కనే కూర్చుని వింటున్నవాణ్ణి, ఎలా అడగను?

క్యాసెట్ రేపల్లె తీసుకెళ్లాను. ఆఫీసు టేపు నుంచి ఎక్కించుకొచ్చానన్నాను. వదిన ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని దగ్గరగా జరిగింది. అన్నయ్య వంతు వచ్చింది. నాకు ఫ్యానే. స్టూడియోలో వాళ్లకంటే ముందే వదిన నవ్వేసింది. ఆ వెంటనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"విన్నావా అబ్బాయ్? 'నేను పోయినా నా గొంతు ఎక్కడికీ పోదండి. టేపులు చెరిపేది మా తమ్ముడే. నాది చెరపడానికి వాడికి చేతులు రావు' అన్నారు చూడు! నువ్వు దాచబట్టే కదయ్యా, ఇవాళ వినగలిగాను."

"విన్నాను వదినా," అన్నాను.

ఎందుకిలా జరుగుతోందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. నెలకోసారి రేపల్లె వెళ్తున్నాను. ఆ క్యాసెట్ వెయ్యమంటుంది. వేస్తాను. ఎప్పుడు నవ్వాలో తెలియక వదిన ముఖమే చూస్తూ కూర్చుంటాను.