బావ సైకిల్‌కి దీపం

తెల్లవారుజామున ఉక్కు ఫ్యాక్టరీ డ్యూటీకి పోతూ బావ సైకిల్ మీంచి పడ్డాడని భిలాయి నుంచి అక్క ఫోన్ చేసింది. "దీపం కొనమంటే మొండికేస్తన్నాడు. నువ్వొచ్చి సెప్పరా, నాకు బయ్యంగుంది" అంది. ఆ సాయంత్రమే విజయనగరంలో రాయపూర్ పాసింజర్ ఎక్కేశాను.

ఎదుటి సీట్లో, భిలాయి పక్కనే ఉన్న చరోదా రైల్వే కాలనీ ఆవిడ అటుకుల పొట్లం విప్పి నాకూ పెట్టింది. నా ప్రయాణం సంగతి విని నవ్వింది. "భిలాయిలో సీకటేటి బాబూ? స్లాగు పోస్తే ఆకాసమంతా ఎర్రగుంటాది." కొలిమిలోంచి కరిగిన మడ్డి అస్తమానం పొయ్యరు కదమ్మా అందామనుకున్నాను. కానీ నోటినిండా ఆవిడ అటుకులే.

పొద్దున్న రాయపూర్‌లో లోకల్ రైలుకి మారి, భిలాయి పవర్ హౌస్ స్టేషన్లో దిగి, రిక్షాలో సెక్టర్ నాలుగు చేరాను. భోజనమయ్యాక బావని మార్కెట్‌కి లాక్కుపోయాను.

దారిలో అసలు సంగతి బయటపెట్టాడు. ఇన్నేళ్లూ స్నేహితుడు అప్పన్న పక్కపక్కనే తొక్కుతూ వచ్చేవాడు. దీపం అప్పన్నది, కబుర్లు బావవి. అప్పన్న రిటైరై ఈమధ్యే పలాస వెళ్లిపోయాడు.

"నాను దీపం కొంటే, ఆడింక రాడని ఒప్పుకున్నట్టే కదరా" అన్నాడు బావ.

అయినా నేను వదల్లేదు. "అక్కకి నిద్ర పట్టట్లేదు బావా" అన్నాను. ఆయన సైకిల్ షాపు మెట్టెక్కాడు.

బ్యాటరీ దీపం వద్దన్నాడు. సైకిల్ స్టాండులో పెడితే ఎవడో ఊడబీక్కుపోతాడట. చక్రం తిరిగితే వెలిగే డైనమో దీపం సైకిల్ ఆగితే ఆరిపోతుంది, తొక్కడం కాస్త బరువు. అయినా అదే నయమన్నాడు. షాపతను చక్రం ఎత్తి తిప్పుతుంటే, పట్టపగలు వెలుగు తెలియక మేమిద్దరం చేతులు అడ్డంపెట్టి చూశాం. ఒకదాని వెలుగు దూరానికి బాగా కొడుతోంది. బావకి నచ్చలేదు.

"పక్కకి పడేది సూపించు భయ్యా."

"పక్కనెవరున్నారు బావా?" అన్నాను.

"దీపం లేనోడు ఎవడో ఒకడు రాకపోడు."

వెడల్పాటి అద్దమున్నది బిగించుకొచ్చాం. అక్క దాన్ని చీరచెంగుతో తుడిచి, బావని చూసి ముక్కు ఎగబీల్చింది.

మర్నాడు చీకటితోనే తిరుగు ప్రయాణం. ముందు డ్యూటీకి పోతున్న బావ సైకిల్, వెనక నా రిక్షా. పెద్ద రోడ్డు మలుపులో దీపం లేని సైకిలొకటి వచ్చి ఆ వెలుగులో చేరింది. బావ కాస్త ఎడంగా జరిగి చోటిచ్చాడు. కాసేపటికి బావ చెయ్యి ఒకటి హేండిల్ వదిలి గాల్లో ఆడడం మొదలెట్టింది.

లోకల్లో కూర్చున్నాక కూడా నాకు నవ్వూ, కన్నీళ్లూ ఆగలేదు. ఆ కొత్తాయనకి బావ ఏం చెబుతున్నాడో వినబడలేదు. అప్పన్న గురించే అయ్యుంటుంది.