దవడల నడుమ కంబన్న

ఓర్వకల్లు రాళ్లగుట్టల వెనకున్న క్రషర్‌లో జ్ఞానరాజు మాట నమ్మేవాళ్లు లేరు. దానికి కారణం ఆయనే. ఎనిమిదో తరగతిలో తన ప్రశ్నలకు జవాబు చెప్పలేక లెక్కల అయ్యవారు సెలవు పెట్టి పోయాడనీ, ఆ జాలితోనే తాను బడి మానేశాననీ చెప్పుకునే మనిషి. గండికోట లోయలోకి జారబోయిన లారీని తాడేసి ఒక్కడే పట్టుకున్నాడట, డ్రైవరు బీడీ కాల్చుకుని వచ్చేదాకా. బీడీ ఆరిపోతే మళ్లీ ముట్టించుకోమన్నాడట కూడా.

ఇరవై రెండేళ్లుగా మిషన్ నడుపుతున్నా రెండు చేతులకూ కలిపి పది వేళ్లూ ఉన్నాయి. ఆయన గొప్పల్లో సాక్ష్యం చూపించగలిగింది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. రాళ్లు నమిలే మిషన్ నోట్లో ముద్ద ఉండగానే ఆగింది. ఇనుప దవడల మధ్య ఎద్దు తలంత బండ అడ్డంగా ఇరుక్కుంది. సద్దిమూట విప్పుతున్న జ్ఞానరాజుకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. దుమ్ము కూడా కిందికి దిగడం మరిచిపోయినట్టు గాలిలోనే నిలబడింది. అంతలో దవడల్లోంచి సమ్మెట దెబ్బ వినిపించింది.

మెట్లెక్కి చూస్తే, పనిలో చేరి నెల కూడా కాని కంబన్న బండ మీద నిలబడి ఉన్నాడు.

"ఎవురు దిగమన్నారప్పా నిన్ను?"

"కరెంటే లేదు గదన్నా. అది వచ్చేలోపల పగలగొట్టేస్తా."

జ్ఞానరాజు కిందికి ఉరికి కరెంటు డబ్బాలోని మూడు ఫీజులూ పీకి జేబులో వేసుకున్నాడు. ఇక కరెంటు వచ్చినా మోటారు తిరగదు. కానీ ఆయన భయం మోటారు గురించి కాదు. పక్కనున్న నిలువెత్తు ఇనుప చక్రం, దాని అంచుకున్న బరువు పైకి లేచిన చోటే ఆగింది. ఆ బరువు కిందికి పడకుండా పట్టుకున్నది ఆ బండే. అది పగిలిందా, చక్రం తిరుగుతుంది, దవడ మూసుకుంటుంది. దానికి కరెంటుతో పని లేదు. చక్రాన్ని కట్టేసే గొలుసు షెడ్డులో ఉంది. తెచ్చేదాకా కంబన్న ఆగడు.

మళ్లీ పైకెక్కాడు. "బండ పగిల్తే చక్రం దానంతట అదే తిరుగుతాది. పైకి రా అప్పా."

"దానంతట అదేనా? లారీని పట్టుకున్నట్టేనా అన్నా?"

కింద దుమ్ము ఊడుస్తున్న రామేశ్వరమ్మ నవ్వింది. "నిన్న మిషన్‌ను దయ్యం ఆపిందంటివి. ఈ పొద్దు అదే తిప్పుతాదా?"

"ఈసారి నిజం చెప్తాండా."

"పోయినసారీ ఇదే మాటన్యావు."

సమ్మెట లేచింది, పడింది. బండ మీద వెంట్రుకంత గీత కనిపించింది. చక్రం కదల్లేదు గానీ మూలిగింది. నిద్రలో ఎవరో పక్కకు ఒత్తిగిలినట్టు. సమ్మెట మళ్లీ లేస్తోంది. నిజం చెల్లలేదు. ఇక చేతికందేది ఒక్కటే.

"కంబన్నా," అన్నాడు మెల్లగా, "నీ ఎడమకాలి కింద సందులో రక్తపింజరుండాది."

అరవలేదు. అరిస్తే అదీ కథ అయిపోయేది.

కంబన్న సమ్మెట వదిలేసి, అంచు పట్టుకుని, ఒక్క గెంతుతో పైకొచ్చి పడ్డాడు. వదిలేసిన సమ్మెట గీత మీదే పడింది. బండ రెండుగా చీలింది. ఎవరూ ముట్టని చక్రం అర చుట్టు తిరిగింది. దవడ మూసుకుంది. సమ్మెట కర్ర చెరుకు గడలా నలిగింది.

రామేశ్వరమ్మ చీపురు ఆగిపోయింది.

చక్రం ఊగి ఊగి నిలిచాక జ్ఞానరాజు గొలుసు తెచ్చి కట్టాడు. ముక్కలను పైనుంచే కొక్కెంతో లాగారు. లోపల ఎవరూ కాలు పెట్టలేదు. పొద్దు వాలినాక కంబన్న వచ్చి జ్ఞానరాజు పక్కన కూర్చున్నాడు.

"చక్రమంటే నమ్మలేదన్నా. పామంటే నమ్మినా."

"పామూ అబద్ధమే లేప్పా. నిన్ను పైకి తెచ్చేదానికి అట్లన్యా."

కంబన్న తల అడ్డంగా ఊపాడు. "నువ్వు అనకముందే బుస ఇన్యా. గాలేమో అనుకుంటి. సల్లగా కాలికి తగిల్నాక, నువ్వు పామంటివి."

జ్ఞానరాజు లేచి దవడల్లోకి టార్చి వేశాడు. ఏమీ లేదు. నలిగిన తోలు లేదు, నెత్తుటి చుక్క లేదు. కంబన్న ఎడమకాలి కింద సందున్న చోట మాత్రం ఇనుము తడిగా మెరిసింది.

కరెంటొచ్చింది, మిషన్ వేయమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. రేపు పొద్దున చూద్దామన్నాడు జ్ఞానరాజు. ఎందుకని అడిగితే ఆయన నోటికి ఒక్క కథా రాలేదు.