బాపు విసిరిన తువ్వాల

నిన్న మనవడు సెల్లులో ఎవరో ఇంగ్లండు బాక్సరు కథ చూస్తుంటే నేనూ పక్కన కూర్చున్నాను. పేదల వాడలో పుట్టి, బెల్టుల మీద బెల్టులు గెలిచి, ఆఖరి పోటీలో నెత్తురు కారుతూ తూలిపోతుంటే, శిక్షణ ఇచ్చిన తండ్రే తువ్వాల విసిరి ఆట ఆపించాడట. ఆ కొడుకు అందరి ముందూ తండ్రిని కావలించుకుని, నా ప్రాణం కాపాడాడని చెప్పుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండి, బంద్ చెయ్యిరా అని లేచిపోయాను. వాడు బిత్తరపోయాడు.

తొర్రూరులో బాక్సింగ్ ఏమిటని మీకు నవ్వొస్తుందేమో. మా బాపు మార్కెట్లో హమాలీ. కాలేజీలో ఆటల సారు నా చేతికి గ్లౌజులు తొడిగి, రాష్ట్ర జట్టులోకి ఎక్కితే భూపాలపల్లి బొగ్గుబావుల్లో ఆటగాళ్ల కోటా కింద నౌకరీ ఖాయమన్నాడు. అంతే, రెండేళ్లు ఇంట్లో గుడ్డు ఉడికితే అది నా పళ్లెంలోకే వచ్చింది. బాపు మాత్రం పచ్చిపులుసుతో తిని బస్తాలు మోయడానికి పోయేవాడు.

ఎంపిక పోటీ మానుకోటలో. రింగు పక్కన నా మూలలో సారుకు తోడుండాల్సిన దోస్తు రాకపోతే, చూడడానికి వచ్చిన బాపు చేతికే నీళ్ల బకెట్ ఇచ్చారు. దుమ్ము పట్టిన పంచె, భుజాన ఎర్ర తువ్వాలతో ఆయన నిలబడ్డాడు. మూడో రౌండులో జనగామ పిల్లవాడిని తాళ్లకు ఆనించి బాదుతున్నాను, వాడి మోకాళ్లు వంగుతున్నాయి, ఇంకో రెండు దెబ్బలైతే నౌకరీ నాదే. సరిగ్గా అప్పుడు ఎర్ర తువ్వాల వచ్చి నా కాళ్ల దగ్గర పడింది.

మా దిక్కు జాతర కుస్తీల్లో మనవాడిది పైచేయి అయితే సంబరంతో గోదాలోకి తువ్వాల విసరడం రివాజు. బాక్సింగులో మూల నుంచి తువ్వాల పడితే ఓటమి ఒప్పుకున్నట్టే. రెఫరీ ఆట ఆపి, జనగామ పిల్లవాడి చెయ్యి లేపాడు. సారు ఎంత మొత్తుకున్నా వినలేదు. బాపు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

నోటికాడి బుక్క జారిపోయింది. ఆ నౌకరీ జనగామ వాడికే వచ్చింది, నాకు బస్టాండు దగ్గర సైకిల్ షాపు మిగిలింది. బజారంతా బాపుకు తువ్వాలోడని పేరు పెట్టి ఎగతాళి చేస్తే నేను ఒక్కనాడూ అడ్డుకోలేదు. నా బతుకు ఆగం చేసినవని ఆయన మొహం మీదే అన్నాను. మూడేళ్లు మాట్లాడలేదు.

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. పోటీకి ముందే సారు నన్ను పిలిచి, తువ్వాల సంగతి మీ బాపుకు చెప్పమన్నాడు. కాలేజీ పిల్లలంతా చూస్తుంటే ఆ పంచె మనిషి దగ్గరికి పోయి మాట్లాడడం నాకు నామోషీ అనిపించి చెప్పలేదు. ఓడిపోయాక సారు కోపంగా, చెప్పినవా లేదా అని నిలదీస్తే, చెప్పిన సార్ అన్నాను. బాపు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "చెప్పిండు సారు, నేనే మరిచిన" అన్నాడు.

తర్వాత పాతికేళ్లు బతికి కూడా ఆయన ఆ మాట మార్చలేదు. ఇప్పటి పిల్లలు నలుగురిలో తండ్రుల్ని కావలించుకుంటున్నారు, మా కాలంలో అది లేదని మా ఈడువాళ్లం సర్దిచెప్పుకుంటాం. కాలాన్ని అనడం తేలిక. ఆ రోజు బాపును చూసి సిగ్గుపడింది మాత్రం నేనే.