ముందు చక్రాలకే అన్నాను

నా కొడుకు టైర్ల వల్ల చనిపోలేదు. కామెర్లు ముదిరి దవాఖానలో పోయాడు. ఈ మాట ముందే రాస్తున్నాను, లేకుంటే చదివేవాళ్లు చివరిదాకా ఏదో ప్రమాదం కోసం చూస్తారు. ప్రమాదం లేదు. నేనన్న ఒక మాట ఉంది, అంతే.

మాది కల్వకుర్తి దగ్గర గొర్లు కాసే ఇల్లు. తెలంగాణ వచ్చిన రెండు మూడేండ్లకు సగం మందను అమ్మి వాడికి ఒక పాత కారు కొనిచ్చాను. వాడు దాన్ని కిరాయికి తిప్పేవాడు. నా గొర్లు పోయి వచ్చిన కారు కాబట్టి దాని మీద పెత్తనం నాదే అనుకున్నాను. స్టీరింగ్ ఏనాడూ పట్టలేదు, అయినా ప్రతిదాంట్లో తలదూర్చేవాణ్ణి.

ఒక ఎండాకాలం చివర ముందు టైర్లు రెండూ నున్నగా అరిగిపోయాయి. వెనకవి సగం అరిగాయి. కొత్తవి రెండు కొన్నాం. దుకాణంలో టైర్లు వేసే మనిషి జాకీ పెట్టబోతూ, "కొత్తయి ఎనక ఏస్త. ఎనకయి తీసి ముంగటికి తెస్త" అన్నాడు.

"ఎనకెందుకు? లాగేటియి ముంగటి చక్రాలు, మలుపుల తిరిగేటియి ముంగటియి. ముంగటనే ఎయ్యి" అన్నాను.

"అట్ల కాదు కాకా. తడి రోడ్డు మీద ముంగటియి జారితే స్టీరింగ్ పట్టినోనికి తెలుస్తది, జర నిదానం చేస్తే దారికొస్తది. ఎనకయి జారితే తెలిసేలోపట్నే బండి గిర్రున తిరుగుతది."

నా కొడుకు నవ్వాడు. "బాపూ, శ్రీశైలం రోడ్డు దాటేటప్పుడు నన్ను మంద ముంగట నడిపించి నువ్వు ఎనక వస్తుంటివి. ఎందుకు?"

"ముంగటి గొర్రె కండ్లకు కనవడ్తది. తప్పిపోయేది ఎనకదేనాయె."

"గాయన చెప్పేది గూడ గదే గద బాపూ."

అక్కడున్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది. నా బతుకు తీసి నాకే పాఠం చెప్తాడా అనిపించింది. "కారేమన్న గొర్ల మందనారా? నా గొర్లు పోయినయి దీనికి. ముంగటనే ఎయ్యి!" అని అరిచాను. వాడు ఆ మనిషి వైపు చూసి సరేనని తల ఊపాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే లేచి ముందు టైర్ల మీద అరచెయ్యి పెట్టి చూసేవాణ్ణి. కొత్త గాడులు చేతికి తగిలితే నా మాట గెలిచినట్టుండేది.

నాకు అక్షరాలు నేర్పింది కూడా వాడే, అరవై దాటాక. కిరాయి లేని రోజు పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. ఊరి బోర్డు కనపడితే రోడ్డు పక్కన ఆపి "చదువు బాపూ" అనేవాడు. నేను ఒత్తు దగ్గర ఆగిపోతే, "జల్ది చదువు, ఎనక బస్సోడు హారన్ కొడ్తున్నడు" అని ఆటపట్టించేవాడు. వెనక ఏ బస్సూ ఉండేది కాదు. అట్లా ఒక్కో బోర్డూ కూడబలుక్కుంటూ చదవడం పట్టుబడింది.

టైర్లు వేసిన ఆ వానకాలం నుంచి వాడు చినుకు పడితే చాలు, బండిని నిదానం చేసేవాడు. ఆటోలు కూడా మమ్మల్ని దాటిపోయేవి.

"కొత్త టైర్లు ఏసుకొని గీ నడుపుడేందిరా? ఎడ్లబండి నయం" అనేవాణ్ణి.

"తొందరేమున్నది బాపూ."

అదే జవాబు, ఎన్నిసార్లు దెప్పినా. మరుసటేడు వాడు పోయాడు.

కారు అమ్మేద్దామంటే కోడలు వద్దంది. వాడే ఆమెకు నడపడం నేర్పాడు. ఊళ్లో కాన్పు దగ్గరపడిన ఆడవాళ్లను దవాఖానకు తీసుకుపోతుంది ఇప్పుడు. పోయిన ఎండాకాలం వెనక టైర్లు పూర్తిగా అరిగాయని నన్ను వెంటబెట్టుకుని అదే దుకాణానికి వెళ్లింది. ఆమె లోపల టైర్లు చూస్తుంటే, బయట నీడ లేక నేను కార్లో డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. ఎండ ముఖాన కొడుతుంటే పైనున్న అట్టను కిందికి వంచాను. అప్పటిదాకా కప్పు వైపున్న దాని మీద ఒక కాగితం అంటించి ఉంది. వాడి చేతిరాత. బోర్డు చదివినట్టే కూడబలుక్కుని చదివాను.

"ఎనక పాతయి. వానల నిదానం."

కోడలు వచ్చి చూసింది.

"నాకు బండి నేర్పిన దినం అంటించిండు మామా. కొత్త టైర్లు ఏసినంక మొదటి వానకే బండి అడ్డం తిరిగిందట. కాలువల పడుడు జరంతల తప్పిందట. నీకు చెప్పొద్దన్నడు."

"మరి మార్పిచ్చుకోకపాయెనా?"

"నేను గూడ గదే అడిగిన. బాపు పొద్దున లేస్తే ముంగటి టైర్లనే తడుముతడు, ఎట్ల మారుస్త అన్నడు."

దుకాణం మనిషి జాకీ పట్టుకుని వచ్చాడు. నన్ను మర్చిపోలేదు. "ఏం కాకా, గీసారి గూడ కొత్తయి ముంగటనేనా?" అని నవ్వుతూ అడిగాడు. కోడలు నా వైపు చూసింది. నేను మళ్లీ ముందుకే అంటే ఆమె కూడా సరేననేది. మా ఇంట్లో నా మాటకు అంత విలువ.

"ఎనక ఎయ్యి" అన్నాను. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

బయలుదేరేముందు కోడలు అడిగింది. "మామా, కాగితం తీసేద్దునా? ఇప్పుడు ఎనకయే కొత్తయి."

తియ్యమని అనలేకపోయాను. ఉంచమనీ అనలేకపోయాను. ఆమె కాగితాన్ని అట్లాగే ఉంచి అట్టను పైకి మడిచేసింది. పడమటి ఎండ సూటిగా కళ్లలో కొడుతున్నా, ఇల్లు చేరేదాకా దాన్ని కిందికి దించలేదు.