వాగు పొంగని రోజు

మా చిన్నమ్మ బిడ్డ పెండ్లి వానాకాలంలో పడింది. పిల్లగాడు దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాడు, మళ్లీ పోయేలోపే కానియ్యాలి. ఖానాపూర్ దగ్గరి మా ఊళ్లో, పొద్దున చర్చిలో పెండ్లి, తరువాత వాగు పక్కన చిన్నమ్మ వాళ్ల బీడులో భోజనాలు అనుకున్నారు. రెండు రోజుల ముందే టెంటు వేశారు.

నేను కరీంనగర్‌లో వరద అంచనాలు కట్టే పనిలో ఉన్నాను. వాగు లోతు, వాలు, కురవబోయే వాన కంప్యూటర్‌కు ఇస్తే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అది లెక్క కడుతుంది. కానీ రేపు ఎంత వాన పడుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. వాగు అడుగును కొలిచింది ఎప్పుడో. ఆ తరువాత ఇసుక ఎటు జరిగిందో, ఎంత తోడుకుపోయారో లెక్కలో లేదు. అందుకే వానను కాస్త పెంచి, కాస్త తగ్గించి, మళ్లీ మళ్లీ లెక్క కడతాం. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది.

పెండ్లి రోజుకు పెద్ద వాన సూచన ఉందని తెలిసి మా వాగుకు కూడా లెక్క కట్టి చూశాను. ఎక్కువసార్లు నీళ్లు గట్టు లోపలే ఉన్నాయి. కొన్నిసార్లు మాత్రం ఆ బీడు మునిగింది. ఊరికి వెళ్లగానే బాపుకు చెప్పాను.

"వస్తయా, రావా? గదొక్కటి చెప్పు బిడ్డా," అన్నాడు.

"రావచ్చు బాపు. పదిసార్లు లెక్క కడితే మూడుసార్లు వస్తున్నయి."

"అంటె వస్తయన్నట్టే."

కాదనే మాట నోటిదాకా వచ్చింది. కానీ రాకపోవచ్చని గట్టిగా చెబితే ఎవరూ కదలరు. ఆ తరువాత నిజంగానే వస్తే? ఊరుకున్నాను. సాయంత్రానికల్లా బాపు చర్చి దగ్గర అందరికీ చెప్పేశాడు, తన బిడ్డ కంప్యూటర్‌లో చూసిందని, బీడు మునుగుతుందని. పెండ్లిపిల్ల తండ్రి, మా చిన్నబాపు, ఎదురు మాట్లాడలేదు. టెంటు విప్పించి, వంట గంజులూ కట్టెలూ ట్రాక్టర్ మీద ఊరి బడికి తరలించాడు.

మరునాడు బడి వరండాలో చోటు చాలలేదు. పిల్లగాని తరఫు పెద్దలు గోడవారన జల్లుకు తడుస్తూ, ప్లేట్లు చేత పట్టుకొని నిలబడి తిన్నారు. వాళ్లలో ఒకాయన, వస్తాయన్న నీళ్లు ఎక్కడున్నాయని అడిగాడు. చాలామంది నవ్వారు. బాపు తల వంచుకొని బగారన్నం వడ్డిస్తూ ముందుకు పోయాడు.

నేను ఎవరికీ కనబడకుండా వాగు దగ్గరికి పోయాను. వాగు ఎర్రగా, జోరుగా పారుతోంది గానీ గట్టు దాటలేదు. ఇంకొంచెం పెరిగితే బాగుండును అనుకున్నాను. దిగువన కూలివాళ్ల గుడిసెలు ఉన్నాయి. అవి కనబడుతూనే ఉన్నాయి. అయినా అనుకున్నాను.

నేను ఇంకా తినలేదని చిన్నమ్మ వెతుక్కుంటూ వచ్చింది. కొత్త చీర అంచు బురదైంది. తిడుతుందనుకున్నాను.

"నీళ్లు రాలేదని సిగ్గైతుందా?" అని అడిగింది.

తల ఊపాను.

"వస్తె మంచిగుండెనా?"

కోపంతో కాదు, తెలుసుకుందామనే అడిగింది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను. అప్పటిదాకా లెక్క తప్పిందని సిగ్గుపడుతున్నాను. నిజానికి లెక్క తప్పనే లేదు. ఎక్కువసార్లు ఏం జరగాలో అదే జరిగింది. నా మాట నిలబడడం కోసం మనుషులు మునగాలని కోరుకున్నాను, అంతే. చిన్నమ్మ నా చేయి పట్టుకొని తీసుకుపోయి, నా ప్లేటులో కూర వేసి, చుట్టాల మధ్య కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రం బాపుతో, వస్తాయని నేను చెప్పలేదని, రావచ్చని మాత్రమే అన్నానని, ఆయన మార్చి చెబుతుంటే ఆపకపోవడం నా తప్పేనని అన్నాను.

"గప్పుడే చెప్పకపోతివి," అన్నాడు బాపు.

పొద్దున బస్టాండు దాకా నా బ్యాగు తనే మోసుకొచ్చాడు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. గట్టు మీద నేనేం అనుకున్నానో ఆయనకు ఈ రోజు వరకూ చెప్పలేదు.