పైకి లేపిన సున్నా

ఆ తప్పు నాదని రజియా మేడం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను చెప్పలేదు. ఇప్పటికీ మా డాక్యుమెంట్ సెక్షన్‌లో ఎవరైనా కీబోర్డు కుడివైపు అంకెలు టకటకా నొక్కితే ఆమె వేళ్లే గుర్తొస్తాయి. పటాన్‌చెరులోని మందుల ఫ్యాక్టరీలో ఆమె మా ఇన్‌చార్జి. లక్డారం నుంచి వచ్చిన నాకు కంప్యూటర్ పని నేర్పిన మనిషి. డిగ్రీ గుర్తు, మైక్రో గుర్తు, ఫ్రాన్సుకు వెళ్లే లేబుళ్లలో అక్షరాల నెత్తిన గీతలు, కీబోర్డు మీద కనిపించనివన్నీ ఆమె చూడకుండానే కొట్టేది. నేను మాత్రం డిగ్రీకి సున్నా కొట్టి, దాన్ని చిన్నది చేసి పైకి లేపేవాణ్ణి. మా దగ్గర చాలామంది చేసే పనే అది.

"గదేంది యాదగిరీ, సున్నాను గట్ల అటక మీద కూసోబెట్టినవ్?"

"మంచిగనే కనవడుతుంది గద మేడం."

"ఇయ్యాల కనవడుతది. రేపు కింద పడితే ఏం జేస్తవ్? ఆల్ట్ పట్టుకో, సున్నా ఒకటి ఏడు ఆరు కొట్టు. గంతే. వేళ్లకేమన్న మెహందీ పెట్టుకున్నవా?"

నవ్వాను. నేర్చుకోలేదు.

ఒకసారి కొత్త మందు తయారీ పత్రాన్ని ఆమె చదివి సరేనన్నాక, నేను దాన్ని కంపెనీ కొత్త ఫార్మాట్‌లోకి మార్చాను. ఆ మార్పులో నేను పైకి లేపిన సున్నా కిందికి దిగింది. ఐదు డిగ్రీలన్నది యాభై అయింది. "పేజీల గీతలే మారినయి మేడం, అంకెలు గట్లనే ఉన్నయి" అని చెప్పి సంతకం తీసుకున్నాను. ఆమె నా మాట నమ్మింది. ఆ మందు ఎవరికీ అలవాటు లేదు కనుక ప్లాంటువాళ్లు కాగితంలో ఉన్నట్టే వేడి చేశారు. సరుకంతా పాడైంది.

విచారణలో మేనేజర్ అడిగితే ఆమె "సంతకం నాది సార్" అంది. ఒక్కసారి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమెను గోదాముకు మార్చారు, అక్కడే రిటైరైంది. ఆమె కుర్చీ నాకొచ్చింది.

కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఆమె రిటైరైనాక కూడా అది రజియా మేడం తప్పుగానే చెప్పేవాళ్లు. మొన్న ఆ మాట విని ఉండబట్టలేక సంగారెడ్డిలో ఆమె ఇంటికి వెళ్లి, జరిగింది చెప్పాను.

"నాకెరుకే. సరుకు పాడైన దినమే ఫైలు తెరిచి చూసిన" అంది, చాయ్ అందిస్తూ.

"మరి చెప్పలేదేంది మేడం?"

"నువ్వు చెప్తవని చూసిన. ఇప్పుడు ఇంట్ల కూసోని నాకొక్కదానికి చెప్తె ఏమొస్తది? నా పేరు ఖరాబైంది ఆడ కంపెనీల."

మళ్లీ శిక్షణ జరిగిన రోజు ఆమెను నేనే తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాను. మారిన పత్రాన్ని మొదటి నుంచి చదవనిదే ఇప్పుడు నేను సంతకం పెట్టను. ఆ జాగ్రత్త ఎవరి నష్టంతో నేర్చుకున్నానో అందరికీ చెప్పాను. తర్వాత ఆమె వైపు తిరిగాను.

"మీకు అబద్ధం చెప్పి సంతకం తీసుకున్న. మీరు నింద మోస్తుంటే నోరు మూసుకొని కూసున్న. మాఫ్ చెయ్యుండ్రి మేడం."