కళ్లు తెరిచి ప్రార్థన

ఉరవకొండ దగ్గర మా ఊళ్లో రెండు వర్గాలు నరుక్కుంటున్న రోజుల్లో అమ్మ కళ్లు మూసుకోకుండా ప్రార్థన చేసేది. ఎందుకని అడిగితే, "ప్రభువు మెలకువగా ఉండమన్నాడు గదా, కండ్లు మూసుకోమన్లేదు" అనేది.

ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన జరుగుతుండగా ఒకతను ఎండిన వేరుశనగ చేనికి అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు. వాకిలికెదురుగా కూర్చున్న అమ్మే ముందు చూసింది. అతన్ని లోపలికి లాగి, ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టి, వాళ్ల ముసుగుల్లాగే తలమీంచి దుప్పటి కప్పింది. వెనకే కొడవళ్లతో కొందరు వచ్చారు.

"ఈడికెవరన్నా వచ్చినారా?"

"అందరూ ప్రభువు కాడికి వచ్చినోళ్లే. మీరూ రాండప్పా, కొడవండ్లు బయటపెట్టి కూర్చోండి" అంది అమ్మ.

వాళ్లు తలలు దించుకుని వెళ్లిపోయారు. దుప్పటి కింద అతను ఏడుస్తున్నాడు. అమ్మ అతని వీపు నిమురుతూ, తరుముకొచ్చినవాళ్ల కోసం కూడా ప్రార్థించింది.